పెండింగ్ అంటే చెత్త కాదు

జూన్ 2

ఈ డైరీ మా లిఫ్టుల కంపెనీ వాళ్ళు అందరికీ పంచిపెట్టింది. ప్రతి పేజీ అడుగున "పైకి వెళ్దాం రండి" అని అచ్చువేశారు. ఇన్నాళ్ళూ శుభ్రంగా ఉందని ఒక్క పేజీ కూడా ముట్టుకోలేదు. ఇవాళ మొదలుపెడుతున్నాను. ఎందుకంటే ఇవాళ్టి నుంచి నెట్‌వర్క్ గదికి నేనే దిక్కు.

పెద్దాయన మొన్న రిటైరయ్యారు. పద్దెనిమిదేళ్ళు ఆ గదిని ఒంటిచేత్తో నడిపిన మనిషి. వెళ్తూ వెళ్తూ తన నోట్‌బుక్ నా చేతిలో పెట్టి, "అన్నీ ఇందులోనే ఉన్నాయమ్మా. పక్కన గీకినవి కూడా చదువు" అన్నారు. తెరిచి చూస్తే కళ్ళు తిరిగాయి. టీ మరకలు, బాణాలు, అడ్డంగా కొన్ని, నిలువుగా కొన్ని, ఒక మూల ఎవరిదో మీసాల బొమ్మ. "అలాగేనండీ" అన్నాను.

జూన్ 4

పెద్దాయన పుస్తకాన్ని కొత్త నోట్‌బుక్‌లోకి ఎత్తి రాశాను. రెండు రోజులు పట్టింది. శీర్షికలు నీలం సిరా, విషయం నలుపు. మార్జిన్లలో గీకినవి వదిలేశాను, అవి ఆయన సొంత గోల. పాతది పాత కాగితాల కట్టలో పడేశాను.

అక్క చూసి, "చీపురూ, ఆయన ఉద్యోగాన్ని కూడా ఇస్త్రీ చేసేశావే" అంది. నన్ను చిన్నప్పటి నుంచీ చీపురు అనే పిలుస్తుంది. నేను ఊడవని చోటు లేదట.

జూన్ 5

మా మేనేజరు వేసుకున్న చొక్కా సాయంత్రానికి కూడా నలగదు. అందుకే ఆఫీసంతా ఆయన్ని ఇస్త్రీ సారు అంటారు. ఇవాళ మీటింగులో మాట కూడా మడత లేకుండా చెప్పారు.

"ఇళ్ళ నుంచి పనిచేసే ఆపరేటర్లు పదకొండు మంది. వాళ్ళ లైను ఒక్క పూట ఆగినా సరే, మర్నాటి నుంచి అందరూ ఆఫీసుకి రావాల్సిందే. లిఫ్టులో ఇరుక్కున్న మనిషికి మన సాకులు అక్కర్లేదు."

ఆ చివరి మాట తప్పని అనలేను. కానీ ఆ పదకొండు మందిలో ఒకరు మా అక్క.

ఎక్కడ ఏ లిఫ్టు ఆగినా లోపలి వాళ్ళు గంట నొక్కితే, ఆ ఫోను మా ముందుగదిలో అక్క చెవిలో మోగుతుంది. మనిషిని పంపించి, తలుపు తెరిచేదాకా వాళ్ళతో మాట్లాడుతూ ఉంటుంది. కంపెనీ జనరల్ నంబరుకి పొద్దుటి పూట వచ్చే ఫోన్లూ ఆమెకే. నాలుగేళ్ళ క్రితం మోకాళ్ళు రెండూ మొరాయించాయి. మేముండేది మూడో అంతస్తు. మా బిల్డింగుకి లిఫ్టు లేదు. డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సి వస్తే అంతస్తుకో కుర్చీ వేసుకుంటూ దిగడానికి అరగంట, ఎక్కడానికి గంట.

రోజూ ఆఫీసుకి రమ్మంటే, రెండో రోజే మానేస్తుంది. మానేస్తే ఇక ఆ ముందుగదిలో ఏం చేస్తుంది? ఆ గొంతు ఎవరితో మాట్లాడుతుంది?

ఇంటికొచ్చి ఈ సంగతి చెప్పలేదు. చెప్పేంత విషయం కాదు. లైను ఎందుకు ఆగుతుంది?

జూన్ 6

ఆగుతుందట. మా నెట్‌వర్క్ గుమ్మంలో కాపలా కాసే ఫైర్‌వాల్ సర్టిఫికెట్ గడువు జూన్ 20 మధ్యాహ్నం పన్నెండుతో సరి. కొత్తది వేయకపోతే పన్నెండు దాటిన మరు నిమిషమే పదకొండు ఇళ్ళూ మూగబోతాయి.

ఇంతకుముందు ఆ పని పెద్దాయనే చేసేవారు. నేనెప్పుడూ చేయలేదు. నాకేం భయం లేదు.

జూన్ 8

అర్జీ తయారుచేశాను! ముప్పావుగంట పట్టింది. ఆఖరి బటన్ నొక్కే ముందు మూడుసార్లు సరిచూసుకున్నాను, నొక్కాక నవ్వొచ్చింది.

అన్నం తింటూ అక్కకి చెప్పాను. అక్కకి ఏదైనా చెప్పాలంటే మొదటి నుంచీ చెప్పాలి, మధ్యలో వదిలితే ఊరుకోదు.

"నీ కంప్యూటరు పొద్దున్నే మా ఫైర్‌వాల్ తలుపు కొడుతుంది కదా. అది నిజంగా మా ఫైర్‌వాలేనా, ఇంకెవడైనా వేషం వేసుకుని కూర్చున్నాడా అని చూసుకోవాలి. అందుకు దానికో గుర్తింపు కార్డు. అదే సర్టిఫికెట్."

"గడువైపోతే?"

"నీ కంప్యూటరు దాని మొహం చూడదు. పెద్దాయన అలా బిగించారు."

"మరి కొత్త కార్డు నువ్వే రాసివ్వు."

"నేనిస్తే ఎవరు నమ్ముతారు? దానికో సంతకాల ఆఫీసు ఉంది. వాళ్ళు సంతకం పెట్టాలి. నేను చేసింది 'దీని మీద సంతకం పెట్టండి' అనే అర్జీ. అది రాసేటప్పుడు ఫైర్‌వాల్ తన లోపలే ఓ తాళంచెవి పుట్టించుకుంటుంది. ఆ తాళంచెవి ఎప్పటికీ బయటికి రాదు. అర్జీ ఒక్కటే బయటికి వెళ్తుంది."

"అచ్చం నీలాగే. అసలుది కడుపులో దాచుకుని, పైకి మాత్రం వినయంగా అర్జీ."

ఉలిక్కిపడ్డాను. ఇస్త్రీ సారు మాట ఈమెకి తెలిసిపోయిందా? తెలియలేదు, ఊరికే అంది.

అర్జీలో గళ్ళు ఉంటాయి. సంస్థ పేరు, శాఖ, ఊరు, దేశం. వాటితోపాటు 'కామన్ నేమ్' అని ఒకటి. అదేమిటని అక్క అడిగింది. మామూలుగా పిలిచే పేరన్నాను.

"అయితే చీపురు అని రాయి."

"నాది కాదు తల్లీ, ఫైర్‌వాల్‌ది. మీ కంప్యూటర్లు దాన్ని పిలిచే పేరు."

ఈలోగా అక్కకి ఫోను వచ్చింది. ఏడో అంతస్తుకీ ఎనిమిదో అంతస్తుకీ మధ్య ఎవరో పెద్దావిడ. "భయపడకండమ్మా, మనిషి బయల్దేరాడు. ఇంతకీ ఇవాళ ఏం వండారు?" అని మొదలుపెట్టింది. పది నిమిషాలకి ఆ పెద్దావిడ భయం మర్చిపోయి, చారులో ఇంగువ ఎప్పుడు వేయాలో అక్కతో పోట్లాడుతోంది. తలుపు తెరిచాక కూడా ఫోను పెట్టదే!

జూన్ 9

అర్జీ పంపాను. మూడు రోజుల్లో వస్తుందన్నారు.

జూన్ 11

తీరిక దొరికింది. ఫైర్‌వాల్ మొత్తం సర్దాను.

ఎంత చెత్త! ఎప్పుడో మానేసిన నియమాలు, వెళ్ళిపోయిన ఉద్యోగుల పేర్లు, సగంలో ఆగి 'పెండింగ్' అని వేలాడేవి. సగంలో ఆగినవంటే నాకు తగని చిరాకు. అన్నీ ఏరి పారేశాను. అంతా సర్దాక దాని నకలు, అదే బ్యాకప్, ఒకటి తీసి, పాత బ్యాకప్ తీసేశాను. రెండెందుకు? ఇప్పుడు అద్దంలా ఉంది. పెద్దాయన చూస్తే ముక్కున వేలేసుకుంటారు.

వస్తూ అక్కకి మల్లెపూలు తెచ్చాను. ఊరికే, సంతోషంగా ఉండి.

జూన్ 12

సర్టిఫికెట్ వచ్చేసింది! ఎనిమిది రోజుల ముందే! గదిలో ఎవరూ లేరు కాబట్టి కుర్చీలో గిర్రున తిరిగాను. రేపు వేసేస్తాను.

జూన్ 13

వేయలేదు. సిస్టమ్ ఇవాళ నెమ్మదిగా ఉంది.

సాయంత్రం. నెమ్మదిగా ఏం లేదు. మూడుసార్లు వేశాను. మూడుసార్లూ ఒకే మాట: దీనికి సరిపడే తాళంచెవి లేదు. సంతకాల ఆఫీసు వాళ్ళే ఏదో పొరపాటు చేసి ఉంటారు.

జూన్ 14

అక్కకి చెప్పలేదు. చెప్పేంత విషయం కాదు.

పప్పులో ఉప్పు వేయలేదట. అక్క తినేదాకా నాకు తెలియలేదు.

జూన్ 15

నా కొత్త నోట్‌బుక్‌లో ఈ పని గురించి తొమ్మిది వరుసలున్నాయి. ముత్యాల్లాంటి అక్షరాలు. ఎన్నిసార్లు చదివినా ఆ తొమ్మిదే. పెద్దాయనకి ఫోను చేస్తే ఇంట్లోవాళ్ళు ఎత్తారు. మనవరాలితో కొండలెక్కడానికి వెళ్ళారట, వారం దాకా దొరకరట.

పాత పుస్తకం కావాలి. పొద్దున్న పాత కాగితాల కట్ట విప్పి, మళ్ళీ కట్టి, మళ్ళీ విప్పాను. లేదు.

"ఏం పోయిందే?" అంది అక్క.

"ఏం లేదు."

"పోయింది ఏం లేదా? ఏం లేనిది పోయిందా?"

అప్పుడు చూశాను. అక్క కంప్యూటరు తెర కింద, ఎత్తుకి పెట్టుకున్న మూడు పుస్తకాల్లో మధ్యది. టీ మరక నావైపు చూస్తోంది.

"నువ్వు పారేసిన మర్నాడే తీసుకున్నా. సరిగ్గా మెడకి సరిపోయింది" అంది.

తెర ఎత్తించి పుస్తకం లాక్కుని, అక్కడే నేల మీద కూర్చుని మార్జిన్లు చదివాను. మొదట ఒక కథ: ఎవడో బ్రాంచి కుర్రాడు కామన్ నేమ్ గడిలో తన సొంత పేరు రాసి పంపితే, సంతకాల ఆఫీసు ఆ పేరు మీదే ఏడాదికి సర్టిఫికెట్ ఇచ్చిందట. పక్కన మీసాల బొమ్మ. అది వాడిదన్నమాట! ఆ బొమ్మ కింద, నిలువుగా, ఎర్ర సిరాతో:

'అర్జీ పంపాక ఫైర్‌వాల్ పెట్టెలో పెండింగ్ అని కనిపిస్తుంది. పెండింగ్ అంటే చెత్త కాదు. తాళంచెవి దాని కడుపులోనే ఉంది. సంతకం తిరిగి వచ్చేదాకా చేయి పెట్టకు.'

తాళంచెవిని నేనే ఊడ్చి పారబోశాను. బ్యాకప్‌లో కూడా లేకుండా, శుభ్రంగా.

అక్క పైనుంచి వంగి ఆ వాక్యం చదివింది. ఇక ఇస్త్రీ సారు మాట కూడా చెప్పేశాను. పదిరోజులుగా మింగినదంతా కక్కేశాను. ఏడ్చాను కూడా, ఇక్కడ అబద్ధం ఎందుకు.

"నాలుగో క్లాసులో లెక్కల్లో ముప్ఫై ఒకటి వచ్చినప్పుడు కూడా ఇలాగే నేల మీద కూర్చున్నావు" అంది అక్క.

నాన్నది ఊళ్ళు తిరిగే ఉద్యోగం. అమ్మకి మార్కులంటే కోపం. ఆ ప్రోగ్రెస్ కార్డు మీద 'సంరక్షకుల సంతకం' అన్నచోట నాన్న సంతకం అక్కే గిలికింది, కింద పొడుగు తోకతో సహా. తర్వాత మూడేళ్ళు అక్కే పెట్టింది.

"ఇంకా అయిదు రోజులుందిగా. మొహం కడుక్కుని మళ్ళీ అడుగు. వాళ్ళేమన్నా నిన్ను కరుస్తారా?"

జూన్ 16

కొత్త అర్జీ. కొత్త తాళంచెవి. పెండింగ్ అని వచ్చింది. దానికేసి చూస్తే ముచ్చటేసింది.

సంతకాల ఆఫీసుకి జరిగింది జరిగినట్టు రాశాను. వారంలో రెండోసారి అదే పేరుతో అడిగేసరికి వాళ్ళకి అనుమానం వచ్చింది. ఫోను చేసి నిర్ధారించుకుంటారట. నా నంబరు ఇవ్వబోతే వద్దన్నారు. అందరికీ తెలిసిన, కంపెనీ పేరు మీద అచ్చయిన నంబరుకే చేస్తారట. అదే వాళ్ళ పద్ధతి.

అంటే జనరల్ నంబరు. అంటే పొద్దుటి పూట మా ముందుగది!

హాయిగా నిద్రపోతాను. సంతకం పెట్టేది మళ్ళీ అక్కే. ఒక్క 'అవును' చాలు.

జూన్ 17

పదకొండింటికి ఇస్త్రీ సారు పిలిపించారు. బల్ల మీద చేతులు కట్టుకుని కూర్చున్నారు.

"సంతకాల ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. ఈ అర్జీ మీ కంపెనీదేనా, ఫలానా ఆవిడకి అది అడిగే అధికారం ఉందా అన్నారు. ఉందని చెప్పాను. ఇప్పుడు మీరు చెప్పండి. రెండోసారి ఎందుకు అడగాల్సొచ్చింది?"

అక్క అవునంటే అయిపోయేదానికి ఈయన దాకా ఎలా వచ్చింది? కానీ అడిగాక దాచడం నాకు చేతకాలేదు. సర్దడం దగ్గర్నుంచి తెర కింద పుస్తకం దాకా అంతా చెప్పేశాను. మీసాల బొమ్మ సంగతి కూడా వచ్చేసింది నోట్లోంచి.

ఆయన విన్నారు. తర్వాత అన్నారు: "లైను నాకు కలిపే ముందు ఆపరేటర్ ఏమందో తెలుసా? 'ఆవిడ నా సొంత చెల్లెలండీ. కాబట్టి నా మాట లెక్కలోకి తీసుకోకండి. మా మేనేజరు గారికి కలుపుతాను, ఆయన్నే అడగండి' అందట. ఆ ఆఫీసాయన నాకు అదే చెప్పి తెగ మెచ్చుకున్నాడు. ఆవిడ మీ అక్కగారా?"

"అవునండీ."

"రేపు ఆఫీసుకి రమ్మంటే ఆవిడకేమిటి ఇబ్బంది?"

"మోకాళ్ళండీ. మేముండేది మూడో అంతస్తు. లిఫ్టు లేదు."

"మన కంపెనీలో పనిచేస్తూ లిఫ్టు లేదా!"

అని ఆయన నవ్వారు. భళ్ళున నవ్వారు. భుజం దగ్గర చొక్కా నలిగింది, నా కళ్ళతో చూశాను. వెంటనే సర్దుకుని, "ఇరవయ్యో తారీకు పన్నెండు దాటనివ్వండి. లైను నిలబడితే, అందరూ ఆఫీసుకి రావాలన్న ఆ మాట నేను మర్చిపోతాను. ఆగితే మాత్రం మర్చిపోను" అన్నారు.

ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా అక్క మీద విరుచుకుపడ్డాను.

"ఒక్క అవును అనలేకపోయావా? నీ ఉద్యోగం కోసమే కదా నేను చస్తున్నది!"

"అందుకే అనలేదు. నా ఉద్యోగం నిలబడాలని నేనే సంతకం పెట్టుకుంటే, ఇక వాళ్ళు అడగడం ఎందుకు?" అంది అక్క తాపీగా. "అయినా దొంగ సంతకాలు మానేసి ముప్ఫై ఏళ్ళయింది. అప్పుడంటే నాలుగో క్లాసు. ఇప్పుడు నీ సంగతి నీ నోటితో చెప్పుకోగలవు. చెప్పుకున్నావా లేదా?"

"చెప్పుకున్నాను."

"ఏమన్నాడు?"

"నవ్వాడు."

"ఎవరూ, ఇస్త్రీ సారా? చొక్కా ఏమైంది?"

ఇక కోపం ఎక్కడ నిలుస్తుంది? ఇద్దరం పొట్టలు పట్టుకుని నవ్వాం. మధ్యలో లిఫ్టులో ఇరుక్కున్నాయన ఎవరో ఫోను చేస్తే, అక్క నవ్వు ఆపుకోలేక, "క్షమించండి, మీ గురించి కాదండీ" అని చెప్పుకోవాల్సి వచ్చింది.

జూన్ 18

రాలేదు.

జూన్ 19

రాలేదు. ఎనిమిదిసార్లు చూశాను. పెండింగ్‌లోనే ఉంది. చేయి పెట్టలేదు. బీరువా కూడా సర్దలేదు, ఇల్లు కూడా ఊడవలేదు. ఎందుకొచ్చిన గొడవ.

భయంగా ఉంది. ఇన్నాళ్ళూ లేదని రాసిందంతా అబద్ధం.

జూన్ 20

10.20. రాలేదు.

10.50. రాలేదు. ఇస్త్రీ సారు రెండుసార్లు గది ముందు నుంచి నడిచారు. మంచినీళ్ళ కోసమట. మంచినీళ్ళు అటువైపు కదా.

11.05. వచ్చింది!!

11.14. వేశాను. కంగారులో ఒకసారి తప్పు ఫైలు ఎంచుకున్నాను, వెనక్కి వచ్చి మళ్ళీ ఎంచుకున్నాను. పెండింగ్ అన్న మాట కళ్ళ ముందే మాయమైంది. లోపలున్న తాళంచెవికీ బయటి నుంచి వచ్చిన సంతకానికీ జత కుదిరింది. ఆపరేటర్ల లైనుకి ఈ కొత్త కార్డునే చూపించమని ఫైర్‌వాల్‌కి చెప్పాను. గడువు: వచ్చే ఏడాది జూన్.

11.31. ఒకరి తర్వాత ఒకరుగా పదకొండు మందినీ లైనులోంచి బయటికి వెళ్ళి మళ్ళీ లోపలికి రమ్మన్నాను. పదిమంది వచ్చారు. పదకొండో మనిషి రాలేదు. ఫోను చేశాను.

"అక్కా, ఏమైంది?"

"ఏం కాలేదే. ఒకాయన ఇరుక్కున్నాడు, మధ్యలో ఎలా వదిలి వెళ్ళను? నాలుగో తరగతి పిల్లలకి లెక్కలు చెప్పే మాస్టారట. ఆగు, నీ ముప్ఫై ఒకటి సంగతి చెబుతున్నా."

11.48. మాస్టారు బయటపడ్డారు. అక్క బయటికి వెళ్ళి మళ్ళీ వచ్చింది. పదకొండు.

12.00.

12.01. ఏమీ జరగలేదు. ఇంత చక్కగా ఏమీ జరగకపోవడం నా జీవితంలో ఇదే మొదటిసారి.

12.10. ఇస్త్రీ సారు తలుపు దగ్గర నిలబడి, "నేనేదో మర్చిపోయానండీ. ఏమిటో గుర్తు రావడం లేదు" అని వెళ్ళిపోయారు.

జూన్ 21

సెలవు. నా కొత్త నోట్‌బుక్ తీసి, పెద్దాయన మార్జిన్ రాతలన్నీ ఎక్కించాను. ఆయన రాసినట్టే నిలువుగా, ఎర్ర సిరాతో. మీసాల బొమ్మ కూడా వేశాను. కుదరలేదు, పిల్లిలా వచ్చింది. ఉండనిచ్చాను. కింద నాది ఒక వరుస చేర్చాను: 'సర్దే ముందే బ్యాకప్ తీయి. సర్దాక కాదు.' నా తర్వాత వచ్చేవాళ్ళకి.

అక్క కంప్యూటరు తెర కిందికి నిఘంటువు తెచ్చిపెట్టాను. పెద్దాయన పుస్తకం ఇక ఆఫీసులోనే ఉంటుంది.

సాయంత్రం. కూరగాయలకి వెళ్ళి వచ్చేసరికి ఈ డైరీ బీరువాలో వంకరగా ఉంది. నేను వంకరగా పెట్టను. తెరిస్తే పదిహేనో తారీకు పేజీ మార్జిన్‌లో పెన్సిలు రాత, నాది కాదు:

'లెక్కలు: ఫర్వాలేదు. శుభ్రత: మరీ ఎక్కువ. ప్రవర్తన: బాగుంది. ఇది దొంగ సంతకం కాదు, నాదే.'

దాని కింద అక్క పేరు, అక్క సొంత చేతిరాతతో. తోక మాత్రం నాన్నది.

ఒకరి డైరీ చదవడం ఏమిటని గట్టిగా అడగాలనుకుని ముందుగదిలోకి వెళ్ళాను. అక్క ఎవరినో అడుగుతోంది, ఇవాళ ఏం వండారని. తిరిగి వచ్చేశాను.

పెన్సిలుతో రాసింది, కావాలంటే తుడుచుకోమని కాబోలు. రబ్బరు ఏ డబ్బాలో ఉందో నాకు తెలుసు. తుడవలేదు.